నేను రాసిన దరఖాస్తు, అమ్మ పెట్టిన నిశాని

మా అమ్మ ఏ కాగితాన్నీ పారేయదు. చదువు రానివాళ్ల ఇళ్లలో ఈ అలవాటు మీరూ చూసి ఉంటారు. ఏది పనికొచ్చేదో, ఏది చిత్తో తేల్చుకోలేరు కాబట్టి అన్నింటినీ ఒకే శ్రద్ధతో దాస్తారు. కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, దవాఖాన చీటీలు, కాలం చెల్లిన రేషన్ కార్డులు, చివరికి మందు డబ్బాలో వచ్చే మడత కాగితాలు కూడా. కొండాపూర్‌లో మా పెంకుటిల్లు పోయి ఆ జాగాలో ఐదంతస్తులు లేచాయి, మేం ప్రగతి నగర్ చెరువు పక్కన ఫ్లాటుకు మారాం. బర్రెల గొలుసులు, పాల క్యాన్లు, రోలు అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం గాని, అమ్మ కాగితాల సందూక మాత్రం ఆటోలో ఆమె కాళ్ల దగ్గరే వచ్చింది. "ఏ కాగితంల ఏమున్నదో నాకేమెరుక బిడ్డా? ఉండనీ, అదేమన్న బువ్వ అడుగుతదా?" అంది.

పోయిన వారం ఆమె పింఛను పనికి పాత రేషన్ కార్డు కావలసి వచ్చి, శనివారం మధ్యాహ్నం ఆ సందూక తెరిచాను. కలరా ఉండల వాసన, దాని కింద ఎక్కడో ఇంకా పోని పిడకల పొగ వాసన. రేషన్ కార్డు మడతలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. విప్పగానే నా చేతిరాత. ఇరవై రెండేళ్ల వయసులో నా అక్షరాలు ఇప్పటికంటే గుండ్రంగా, పొగరుగా ఉండేవి. పైన ఆఫీసు వాళ్లు కొట్టిన ఊదారంగు ముద్ర. కింద వరసగా వేలిముద్రలు. మా దగ్గర వాటిని నిశానీలు అంటారు, చదువు రాని మనిషిని కూడా నిశాని మనిషి అనే అంటారు. మొదటి నిశాని పక్కన నేనే రాసిన పేరు: బాలమణి. మా అమ్మ. నేను ఆ నేల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఈ కాగితం గురించి నేను ఎన్నో ఏళ్లుగా ఒక కథ చెబుతూ వస్తున్నాను. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే విభాగంలో నా ఉద్యోగం. ప్రతి బ్యాచ్‌లోనూ బీహార్ పిల్లలుంటారు, ఒడిశా, కేరళ, సీమ పిల్లలుంటారు. మొదటిరోజు వాళ్లకు స్వాగతం చెప్పే పని నాది. నేను ఈ మట్టిలో పుట్టినవాణ్ణి కాబట్టి నేను చెబితే బాగుంటుందని మా పైవాళ్ల నమ్మకం. అక్కడ నేను చెప్పే కథ ఇది: "మా అమ్మకు అక్షరం రాదు. చదువు లేని మనిషికి కొత్తవాళ్లంటే భయం. మా వాడలో గుడిసెలు వేసుకున్న ఒడిశా కూలీలను వెళ్లగొట్టాలని ఒక దరఖాస్తు పుడితే, మొదటి వేలిముద్ర మా అమ్మదే. నేను చదువుకున్నాను, అందుకే ఇవాళ మీ అందరినీ చేతులు చాచి పిలుస్తున్నాను." చప్పట్లు పడేవి. ఒకసారి మా కూతురి కాలేజీ సభలో కూడా ఇదే చెప్పాను. ఆ రోజు అమ్మ మొదటి వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నేను మాట్లాడింది ఇంగ్లీషులో. అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా కొట్టింది, నా వైపు చూసి నవ్వుతూ.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ దరఖాస్తు పుట్టలేదు, నేను పుట్టించాను. అందులో ఉన్న ఒక్క మాటా అమ్మది కాదు.

అప్పటి కొండాపూర్‌ను ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. మా ఇంటి వెనక రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు, సర్కారు కంప. మాదాపూర్ వైపు చూస్తే, చుట్టూ కర్రలు కట్టిన ఒక గుండ్రటి భవనం లేస్తూ కనిపించేది. నాయిన రాళ్లు కొట్టే పనికి పోయేవాడు. ఇంటిని నడిపింది అమ్మ, ఆమె ఆరు బర్రెలు. తెల్లారకముందే కొట్టంలోంచి పాలు తపేలలో పడే చప్పుడు వినిపించేది. మొదట గలగల, తపేల నిండేకొద్దీ మెత్తగా. ఆ చప్పుడును బట్టి నేను పక్క మీది నుంచే ఏ బర్రె ఎంత ఇచ్చిందో చెప్పగలిగేవాణ్ణి. తర్వాత కుడిది తొట్టి, తవుడు, పేడ ఎత్తడం, పిడకలు కొట్టడం. పొద్దెక్కాక అమ్మ చల్ల చిలికి, వాకిట్లో కూర్చుని అడిగినవాళ్లకల్లా పోసేది. చల్లకు లెక్క లేదు. పాలు అమ్ముకునేది, చల్ల పోసేది. అది మా ఇంటి రివాజు.

మా గోడ అవతల బంజరులో పది పన్నెండు గుడిసెలు పడ్డాయి. ఆ భవనాలు కట్టడానికి ఒడిశా గంజాం వైపు నుంచి వచ్చిన వాళ్లు. వాళ్లలో కుంతల ఒకతె. అమ్మకంటే పదేళ్లు చిన్న. మొగుడు గోపీనాథ్ పరంజాలు కట్టేవాడు, ఆమె ఇసుక మోసేది. మొదటిరోజు ఖాళీ ముంత పట్టుకుని వాకిట్లో నిలబడి ఏదో అడిగింది. అమ్మకు ఒక్క మాటా తెలియలేదు. ముంత నిండా చల్ల పోసింది. ఆమె అడిగింది నిప్పు అని తర్వాత తెలిసింది. దాన్ని తలచుకుని ఇద్దరూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో. ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన ఉర్దూ. ఆ మూడింటితో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఆమె గుడిసె నుంచి ఆవనూనె వాసన వచ్చేది. నీళ్లలో నానిన అన్నంలో ఉల్లిగడ్డ నంజుకుని తినేది. "మన సద్దన్నమే రా, జర నీళ్లెక్కువ" అని అమ్మ తేల్చేసింది. ఒక మధ్యాహ్నం మా నల్లబర్రెకు ఈత కష్టమైతే, దూడ కాళ్లు పట్టి లాగింది కుంతలే. ఊపిరాడని దూడ ముక్కులో గడ్డిపోచ పెట్టి తుమ్మించింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ దూడ పేరు కూడా కుంతలే.

వాడలో అందరూ ఇట్లా ఉండేవాళ్లని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. తిట్టుకునేవాళ్లు. ఉన్నది ఒక్క బోరింగు. ఎండాకాలం వస్తే దాని దగ్గర బిందెలు కొట్టుకునేవి. "గీ ఒడిశోళ్లు తెల్లారకముందే వచ్చి గుంజుకపోతుండ్రు" అని గొణిగేవాళ్లు. సాయంత్రానికి అదే నోటితో "ఏం కూర వండినవ్ కుంతలా" అని అడిగేవాళ్లు. మనుషుల్ని తిట్టడం వాళ్లకు తెలుసు. మనుషుల్ని ఒక కాగితం మీద ఎక్కించి లేకుండా చేయొచ్చని వాళ్లకు తెలియదు. అది చదువుకున్నవాడికి తెలిసే పని. అమ్మకు వలసదారులనే మాట కూడా తెలియదు. ఆమె మాట 'బతకొచ్చినోళ్లు'. "మా తాత జహీరాబాద్ దిక్కు కెళ్లి బతకొచ్చిండు, మీ తాత బర్రెలు గొట్టుకుంట వచ్చిండు, మనమేమన్న ఈడ మొలిసినమా?" అని నాయినను కూడా ఆటపట్టించేది.

నేను అప్పుడే డిగ్రీ పూర్తి చేశాను. మా వాడలో మొదటి డిగ్రీ. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు కూడా చేశాను. ఆ గుండ్రటి భవనం నా కోసమే లేస్తున్నదని నిజంగా నమ్మాను. మూడు ఇంటర్వ్యూలకు పోయాను. మూడింట్లోనూ ఇంగ్లీషులో అడిగారు, నేను చెమటలో తడిశాను. ఉద్యోగాలు విజయవాడ నుంచి, చెన్నై నుంచి, ఇంకెక్కడి నుంచో వచ్చినవాళ్లకు వచ్చాయి. మూడోసారి నా ముందు కూర్చున్న వ్యక్తి, "లోకలా? మీ ల్యాండ్స్ ఏమన్నా ఉన్నాయా ఇక్కడ?" అని అడిగాడు. నాకు భూమి లేదు, ఆరు బర్రెలున్నాయి. అది చెప్పలేదు. టీ కొట్టు దగ్గర నాలాంటి పట్టభద్రులం నలుగురం పేపరు పంచుకుని చదివేవాళ్లం. మా కోపానికి అక్కడ మంచి మంచి మాటలు దొరికేవి. కోపమంతా ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల మీద. కానీ ఆ గదుల గేటు దగ్గరే సెక్యూరిటీ మమ్మల్ని ఆపేసేవాడు. నా చేతికి అందేంత దూరంలో ఉన్న బయటివాళ్లు గోడ అవతలి గుడిసెల వాళ్లే. కుంతల నా ఉద్యోగం తీసుకోలేదు. ఆమె ఇసుక మోస్తే ఆ భవనం లేచింది, అంతే. అయినా బోరింగు దగ్గర ఆమె బిందె చూసినప్పుడల్లా నాకు ఆ ఇంటర్వ్యూ గది గుర్తుకొచ్చేది. ఎక్కడి మంట ఎక్కడ చల్లారుస్తున్నానో ఆలోచించేంత చదువు నాకు ఇంకా రాలేదు.

ఆ ఎండాకాలం బోరింగు పాడైంది. వాడవాళ్లు నా దగ్గరకొచ్చి నల్లా పైపు కోసం దరఖాస్తు రాయమన్నారు. రాశాను. మొదటి పేరా నీళ్ల గురించే. రెండో పేరా నా సొంతం. 'ఇతర రాష్ట్రాల నుంచి అక్రమంగా వచ్చి చేరిన గుడిసెవాసుల వల్ల పరిసరాల పరిశుభ్రతకు, మహిళల భద్రతకు తీవ్ర భంగం కలుగుతున్నది. దొంగతనాలు పెరిగినవి. కావున వారిని వెంటనే ఖాళీ చేయించగలరని ప్రార్థన.' దొంగతనాలేవీ జరగలేదు. మహిళల భద్రత అన్నాను. మా వాడ మహిళలకు ఆ సంగతి తెలియదు.

మా దగ్గర దరఖాస్తు మీద నిశాని పెట్టడానికి ఒక కట్టడి ఉంది. పూర్వం ఎవరో పట్వారీ ఏదో కాగితం మీద వేలు వేయించుకుంటే, కొందరి భూములు పోయాయట. అప్పటి నుంచి రాసినవాడు అందరి ముందూ కాగితం చదవాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ తంతు నడిపేది వాడకు పెద్ద అయిన మల్లయ్య తాత. ఆయనకూ అక్షరం రాదు. కాని చెవి కత్తి. మొదటిసారి చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. అయ్యాక చుట్ట వెలిగించి, నాలుగు ఊరి ముచ్చట్లు అడిగి, చదివినవాడి మనసు పక్కకు మళ్లాక, "ఊఁ, ఇంకోపారి సదువు" అనేవాడు. నోటికొచ్చింది చెప్పేవాడైతే రెండోసారి మాట తేడా పడుతుంది. కాగితంలో ఉన్నది చదివేవాడైతే తేడా రాదు. అక్షరం రానివాళ్లు అక్షరం వచ్చినవాణ్ణి పట్టుకోవడానికి కనిపెట్టిన ఉపాయం అది. అంతకంటే తెలివైన పరీక్ష నేను ఏ యూనివర్సిటీలోనూ రాయలేదు.

ఆ పరీక్షలో నేను పాసయ్యాను. ఎట్లా అంటే, రెండో పేరా ఉండవలసిన చోట నల్లా గురించే ఇంకో నాలుగు వాక్యాలు తయారుచేసుకుని బట్టీ పట్టాను. బట్టీ పట్టడంలో నన్ను మించినవాడు మా కాలేజీలో లేడు. కాగితం మీద వేలు కదుపుతూ, కళ్లు కదుపుతూ, లేని వాక్యాలు చదివాను. మల్లయ్య తాత చుట్ట వెలిగించాడు. "మీ నాయిన నిన్న కల్లు జర ఎక్కువ తాగిండట గద?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ఊఁ, ఇంకోపారి." పొల్లు పోకుండా అదే చదివాను. తాత కళ్లు తెరిచి, "సదువంటే గిట్లుండాలె. బాలమణీ, నీ కొడుకు బంగారం" అన్నాడు. ఆ మాటకు అమ్మ ముఖం ఎట్లా వెలిగిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అందరికంటే ముందు ఆమే లేచి, పేడ పని చేసిన చేయి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, బొటనవేలు స్యాహీ డబ్బాలో అద్ది అసలు కాగితం మీదా, నకలు మీదా నిశాని పెట్టింది.

రెండు వారాలకేమో, పొద్దున పాల వేళకు లారీ వచ్చింది. వెంట నలుగురు మనుషులు, ఒక ఆఫీసు గుమాస్తా. గుడిసెల తడికెలు పడుతున్న చప్పుడుకు అమ్మ పాల చేతులతోనే ఉరికింది. వెనక నేను. "ఏంది సారూ, గీళ్లేం జేసిండ్రు? కూలోళ్లు, బతకొచ్చినోళ్లు" అని గుమాస్తాకు అడ్డం నిలబడింది. ఆయన విసుగ్గా, "నీ పేరేందమ్మా?" అన్నాడు. చెప్పింది. చేతిలో కాగితం చూసి, "మొదటి నిశాని నీదే గద. దరఖాస్తు మీరే పెడితిరి, మీరే వచ్చి లొల్లి చేస్తిరి" అన్నాడు. కుంతల అక్కడే గిన్నెలు మూట కడుతోంది. రెండేళ్లలో ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతోంది. మూట వదిలేసి లేచింది. గుడిసెలోంచి, అమ్మ చల్ల పోసి ఇచ్చిన మా ఇంటి ముంత తెచ్చి, పక్కనున్న కుండలోని నీళ్లతో కడిగి, అమ్మ చేతిలో పెట్టింది. "అక్కా, నీళ్ల కోసమా?" అంది. "నాతో చెప్తే నేను దూరం పోయి తెచ్చుకునేది కదా." అమ్మ తన బొటనవేలు వైపు చూసుకుంది, అది వేరే ఎవరిదో అయినట్టు.

ఇంటికొచ్చాక నా రెక్క పట్టుకుని అడిగింది. "నువ్వు సదివింది నల్లా ముచ్చటే గద రా? రెండుసార్లు సదివినవ్ గద?"

"అవునమ్మా. ఆఫీసోళ్లు ఎనక నుంచి కలిపి రాసుకున్నట్టున్నరు."

"అట్ల గూడ చేస్తరా?"

"చేస్తరు."

నమ్మింది. నన్ను కాకపోతే ఎవర్ని నమ్ముతుంది? నా దగ్గరున్న ముద్ర కొట్టిన నకలును చింపేద్దామని దిండు కింద పెట్టాను. ఇల్లు ఊడుస్తూ అది ఆమె చూసి, కొడుకు రాసిన కాగితం పోతుందేమోనని సందూకలో దాచిందన్నమాట. నేను అది చెత్తలో పోయిందనే అనుకున్నాను. ఇన్నేళ్లూ ఆమె తన నిర్దోషిత్వానికి సాక్ష్యాన్ని తన తల దగ్గరే పెట్టుకుని పడుకుంది. ఎవరితోనైనా చదివించుకుంటే తెలిసేది. మా కూతురైనా చదివి చెప్పేది. అడగలేదు. కొడుకు చదివాక మళ్లీ ఇంకొకరితో చదివించడం ఎందుకు?

ఆ తర్వాత అమ్మ ఏ కాగితం మీదా వేలు వేయలేదు. "ఇగ నిశాని పెట్ట. నా పేరు నాకు నేర్పు" అంది. కొట్టం గోడ మీద బొగ్గుతో రాసి నేర్పాను. బా, ల, మ వచ్చేశాయి. ణి దగ్గర నెల పట్టింది. ఇవాళ్టికీ ఆమె సంతకంలో ఆ చివరి అక్షరం మిగతావాటి నుంచి కొంచెం ఎడంగా నిలబడుతుంది. 'మా అమ్మకు నేనే సంతకం నేర్పాను' అని కూడా సభల్లో చెప్పుకున్నాను. ఆమె ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్పలేదు. తర్వాత కొన్నాళ్లకు నాకు ఇంగ్లీషు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, బయటి నుంచి వచ్చిన వాళ్లతోనే కలిసి తినడం, పని చేయడం అలవాటైంది. కోపం పోయింది. అది చదువు వల్ల పోయిందని అనుకున్నాను. కడుపు నిండాక పోయిందేమో, నాకు నిజంగా తెలియదు. నల్లా పైపు మాత్రం మా దరఖాస్తుతో రాలేదు. రెండేళ్ల తర్వాత పక్కన పెద్ద అపార్ట్‌మెంటు వస్తే దాని కోసం వచ్చింది.

ఆ శనివారం సందూక ముందు నేను కూర్చుండిపోవడానికి ఇంకో కారణం ఉంది. అంతకు ముందురోజే మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి శివప్రసాద్ గారు మా ఫ్లాటుకొచ్చారు. కడప మనిషి, పాతికేళ్ల కింద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మనసు మంచిది, అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు కారులో దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. మా వెనక ఖాళీ జాగాలో కొత్త టవరు కడుతున్నారు. అక్కడ రేకుల షెడ్లలో బీహార్, ఒడిశా కూలీలున్నారు. వాళ్లను తీసేయించాలని మున్సిపాలిటీకి ఉత్తరం పెట్టాలట.

"మీరు రాస్తే ఆ లెక్కే వేరు సార్. పైగా మీరు లోకలు" అన్నారు.

"మనమంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లమే కదండీ" అన్నాను, ఊరికే.

"యాడికి యాడ సార్? మనం సదువుకోని వచ్చినాం. వాళ్లు అట్లనా? మనమేమన్నా కొట్టమంటాండామా, తియ్యమంటాండాం, అంతే."

నేను నవ్వి సరేనన్నాను. అవును, సరేనన్నాను. ఆ రాత పని అప్పుడే మొదలుపెట్టాను కూడా. శనివారం ఆ పాత కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ముందురోజు రాసింది తెరిచి చూశాను. 'పరిసరాల పరిశుభ్రతకు, మహిళల భద్రతకు తీవ్ర భంగం.' పాతికేళ్లు దాటినా మాట పొల్లు పోలేదు. మల్లయ్య తాత రెండోసారి చదవమన్నట్టు, నేను మళ్లీ అదే చదివాను.

అమ్మ బాల్కనీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వెళ్లి ఎదురుగా కింద కూర్చున్నాను. "అమ్మా, గీ కాగితం సదివి వినిపిస్త" అన్నాను. "రేషన్ కార్డా?" అంది. కాదన్నాను. చదివాను. మొదటి పేరా, తర్వాత రెండో పేరా. ఎవరు రాశారో, ఆ రోజు ఏం చదివానో, ఆఫీసోళ్లు ఏమీ కలపలేదని, అంతా చెప్పాను. సభల్లో ఆమె గురించి ఇంగ్లీషులో ఏం చెప్పానో అది కూడా తెలుగులో చెప్పాను. ఆమె ఇంకో కాయ తీసుకుని ఈనె తీసింది.

"ఇంకోపారి సదువు" అంది.

చదివాను. అయిపోయాక ఆమె తల ఊపింది. "ఈపారి ఒక్కతీరుగనే ఉన్నది" అంది. ఒళ్లో ఈనెలు దులుపుకుని, "నా ఏలు నా చేతికే ఉన్నదనుకున్న, నర్సిగా. అది నువ్వెప్పుడో కోసుకపోయినవ్" అంది. నేను ఏడుస్తానేమోనని చూసినట్టుంది. "ఏడువకు. ఏడిస్తే గామెకేమొస్తది? కుంతల ఊరేందో ఎరుకనా నీకు?"

"లేదమ్మా."

"డిగ్రీ సదివినవ్. గామె రెండేండ్లు మన వాకిట్ల కూసున్నది. ఊరేందని నువ్వడగలే." ఆ ఊరి పేరు చెప్పింది. ఇంటిపేరు, పక్కనున్న చిన్న ఏరు పేరు కూడా చెప్పింది. నేను కాగితం మీద రాసుకుంటుంటే, "ఎనక షెడ్లల్ల ఒడిశోళ్లు లేరా? పోయి అడుగుదాం పా. నేనూ వస్త. నువ్వు ఏం చెప్తవో నేను వినాలె" అంది.

శివప్రసాద్ గారికి ఆ సాయంత్రమే చెప్పాను, ఉత్తరం రాయనని, ఎవరు రాసినా దాన్ని సంఘంలో అందరి ముందూ రెండుసార్లు చదివించే దాకా ఊరుకోనని. "ఏమైంది సార్ మీకు?" అన్నారు. ఏమైందో ఇందులో రాశాను, ఆయనకూ ఒక ప్రతి ఇస్తాను. వచ్చే సోమవారం మా కంపెనీలో కొత్త బ్యాచ్ చేరుతోంది. స్వాగతం ఈసారి కూడా నేనే చెబుతాను. కథ మాత్రం మారుతుంది. వద్దంటే ఆ పని వదులుకుంటాను గాని పాత కథ చెప్పను. చదువును తిట్టాలని ఇదంతా రాయడం లేదు. చదువు నాకు అన్నం పెట్టింది. అయితే వేలిముద్రలున్న కాగితం చూసి, 'చదువు లేనివాళ్లకు బయటివాళ్లంటే పడదు' అని ఎవరైనా అనుకునే ముందు, పైనున్న వాక్యాలు ఎవరి చేతిరాతో ఒకసారి చూడమంటున్నాను.

ఆదివారం పొద్దున అమ్మా, నేనూ షెడ్ల దగ్గరకు పోయాం. నేను ప్రగతి నగర్‌కు వచ్చి ఇన్నేళ్లయినా ఇట్లాంటి షెడ్డు లోపలికి అడుగుపెట్టలేదు. ఆవనూనె వాసన తగలగానే అమ్మ ఆగి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తెలుగు బాగా వచ్చిన ఒక నడివయసు ఒడిశా మేస్త్రీ మాకు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ఊరి పేరు చెబితే అతని ముఖం విచ్చుకుంది. వాళ్ల అత్తగారి ఊరు ఆ ఏరు దాటితే వస్తుందట. "కుంతల, గోపీనాథ్. హైదరాబాద్‌లో పని చేసి వచ్చినవాళ్లు" అన్నాను. అతను నవ్వాడు. "సాబ్, మా దిక్కు ఏ ఇంట్ల చూసినా హైదరాబాద్ పోయొచ్చినోడు ఒకడుంటడు." అయినా బావమరిదికి ఫోన్ కలిపాడు. ఒడియాలో చాలాసేపు మాట్లాడాడు. కుంతల అనే పేరు రెండుసార్లు వినిపించింది. అమ్మ కుర్చీ అంచుకు జరిగింది. మేస్త్రీ ఫోన్ మీద చేయి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు. "సాబ్, గా పేరుతోని ఒక ముసలామె ఉన్నదంటుండు. ఆమేనో కాదో పోయి అడుగుతడట. ఏం చెప్పమంటరు?"

"కొండాపూర్‌లో చల్ల పోసిన బాలమణి గుర్తుందా అని అడగమనండి. ఆ కాగితం బాలమణిది కాదు, ఆమె కొడుకు నర్సింగు రాసిండని, అమ్మకు తెలియకుండ వేలు వేయించిండని చెప్పమనండి."

పైన ఎక్కడో మిషన్ మొదలైంది. మేస్త్రీ చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఇనవడలే సాబ్, ఇంకోపారి చెప్పండి" అన్నాడు.

అమ్మ నా నోటి వైపే చూస్తోంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, ఒక్క మాట మారకుండా, మళ్లీ చెప్పాను.